టికెట్టు కొని మా అడవికి

నాకు దిక్కులు తెలియవు. మార్కాపురంలో ఇన్నేళ్ళుగా సోషల్ టీచరు ఉద్యోగం చేస్తున్నాను. బోర్డు మీద భారతదేశం పటం చూడకుండా గీసేస్తాను, కానీ బస్టాండు బయట నిలబెట్టి తూర్పు ఎటు అంటే తెల్లమొహం వేస్తాను. దీనికి మా నాయన జీవితమంతా నవ్వుతూనే ఉన్నాడు. "నిన్ను గొర్లెంబడి పంపిచ్చి ఉంటే, గొర్లే నిన్ను ఇంటికి తోలుకొచ్చేటివి" అంటాడు. ఆయన గొర్రెలు కాసిన మనిషి. దిక్కులు తెలియని కూతురు ఎట్లా పుట్టిందో ఆయనకు ఇప్పటికీ అంతుబట్టదు.

అలాంటి నేను ఒక ఆదివారం పొద్దున నల్లమలలో ఒక చోటు వెతకడానికి బయలుదేరాను. ఆ చోటు ఎక్కడో మా నాయనకు ఒక్కడికే తెలుసు. ఆయన చెప్పడు. అమ్మ అడగదు. మధ్యలో నేను.

సంగతేమిటంటే, నాకు ఒక అక్క ఉండేది. నేను పుట్టకముందే పోయింది, పేరు కూడా పెట్టలేదు. ఊళ్ళో మేత దొరకని ఎండాకాలాల్లో మావాళ్ళు మందను తోలుకుని గిద్దలూరు అవతల అడవిలోకి వెళ్ళేవాళ్ళు. వానలు పడేదాకా అక్కడే గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళు. ఆ ఏడు అమ్మ కూడా చంటిపిల్లను ఎత్తుకుని వెళ్ళింది. పిల్లకు జ్వరం వచ్చింది, తగ్గలేదు. నాయనా మా చిన్నాయనా కలిసి పిల్లను గుడ్డలో చుట్టి తీసుకుపోయి ఎక్కడో పూడ్చి వచ్చారు. మాలో పసిబిడ్డను పూడ్చిన చోటికి తల్లి పోకూడదు. ఎక్కడ అని అడగనూ కూడదు. అడిగితే తర్వాత పుట్టే పిల్లలకు మంచిది కాదట. తర్వాత పుట్టింది నేను కాబట్టి, అమ్మ ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నది నా కోసమే అన్నమాట. అది తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎవరి మీదో మాత్రం తెలియదు.

చిన్నాయన పోయాడు. నాయనకు ఈమధ్య మతిమరుపు మొదలైంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు, నన్ను మా మేనత్త పేరుతో పిలుస్తాడు. ఒకరోజు నేను ఊరికి పోయినప్పుడు అమ్మ శనక్కాయలు వలుస్తూ వలుస్తూ, తల ఎత్తకుండానే అంది.

"మీ నాయన మర్సిపోతే ఇంగెవురికి తెలుస్తాదే అది?"

ఏది అని నేను అడగలేదు. అమ్మ కూడా చెప్పలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

అడవిలోకి మందల్ని రానివ్వడం ఎప్పుడో ఆపేశారు. నాయన గొర్రెల్ని అమ్మేసి, నాలుగు మేకల్ని పెట్టుకుని ఊరి పొలిమేరల్లోనే తిరుగుతున్నాడు. మరి ఆ అడవిలోకి ఎట్లా పోవాలి? అప్పుడు మా స్టాఫ్‌రూమ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఆదివారాలు గైడుతో అడవిలో నడక. చెట్లు, పిట్టలు, పాత రాతి కట్టడాలు, చరిత్ర. టికెట్టు కొన్నవాళ్ళెవరైనా రావచ్చు. అందులో ఉన్న ఫోటోను అమ్మకు చూపించాను. అమ్మ ఫోను దగ్గరికి పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఆ కొండ ఎరగనా నేను! మా గుడిసెల కాడ నిలబడితే ఎదురుగా అదే" అంది.

నాయనతో ఊరికే షికారు అని చెప్పాం. ఆయన టికెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మా అడవిలేకి మేము పోయేదానికి టికెట్టు ఏందే? పులి గూడా కొనుక్కుంటాదా?" అన్నాడు. అయినా ఉతికిన పంచె కట్టుకుని, తలగుడ్డ చుట్టుకుని అందరికంటే ముందే తయారై కూర్చున్నాడు.

గేటు దగ్గర మాతో పాటు ఒంగోలు నుంచి వచ్చిన ఒక కుటుంబం, పెద్ద కెమెరాలు మెడలో వేసుకున్న ఇద్దరు మగవాళ్ళు ఉన్నారు. గైడు ఒక అమ్మాయి. ఆకుపచ్చ టోపీ, చేతిలో కర్ర, చక్కటి గొంతు. చెట్లకు చేతులు తగిలించొద్దు, రాళ్ళు కదిలించొద్దు, గుంపు నుంచి విడిపోవద్దు అని చెప్పింది. నాయన అన్నిటికీ బుద్ధిగా తల ఊపాడు. ఆ తల ఊపడంలో వెటకారం ఉందో లేదో నాకు తెలియలేదు.

మా పథకం చాలా సులువైనది. నాయన ఎట్లాగూ నోరు విప్పడు. కానీ ఆ చోటు దగ్గరికి వస్తే ముఖంలో ఏదో ఒకటి తెలుస్తుంది కదా! ఆయన ముఖం కనిపెట్టి చూస్తే చాలు. అందుకని అందరూ పిట్టల్ని చూస్తుంటే నేనూ అమ్మా నాయనను చూస్తూ నడిచాం. అమ్మ ఎడమ పక్క, నేను కుడి పక్క. ఆయన మమ్మల్ని ఒకటి రెండుసార్లు అనుమానంగా చూశాడు.

వాగు దాటగానే ఒక నల్లమద్ది కింద నాయన ఆగిపోయాడు. అటు పక్క పొదల్లోకి చూస్తూ నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇదేనా? ఇంత తొందరగానా? చుట్టూ చూసి గుర్తు పెట్టుకోబోయాను. మద్దిచెట్టు, వాగు, ఎర్రమట్టి గట్టు. అంతలో ఆయన నా వైపు తిరిగి "అమ్మీ, మీరు కొంచెం ముందు పోతా ఉండండి, నేను ఒంటికి పోయొస్తా" అన్నాడు. అమ్మ నా చెయ్యి వదిలేసి అటు తిరిగి నవ్వు దాచుకుంది.

ఆ తర్వాత వెదుళ్ళ దగ్గర మళ్ళీ ఆగాడు. ఈసారి కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది అమ్మ. కంట్లో నలుసు పడిందట. ఇంకొంచెం ముందుకు పోయాక దారి రెండుగా చీలితే, గైడు కుడివైపు తిప్పింది. నాయన ఎడమ దారి మొదట్లోనే నిలబడిపోయి ఎంతకీ కదల్లేదు.

"తాతా, అటు కాదు, ఇటు రావాల" అని గైడు అమ్మాయి పిలిచింది.

"ఆ పక్క ఏముండాది ఇప్పుడు?" అని అడిగాడు నాయన.

"అటు ఎవర్నీ పోనియ్యరు తాతా."

నాయన వచ్చాడు కానీ, వెనక్కి వెనక్కి చూసుకుంటూ వచ్చాడు. నేను ఆ చీలికను ఫోనుతో ఫోటో తీశాను. అమ్మ కళ్ళతోనే 'అదేనా' అని అడిగింది. నేను 'ఏమో' అన్నట్టు చూశాను. ఇంకొంత దూరం పోయేసరికి ఆయన ఒక తునికి చెట్టు దగ్గర, తర్వాత ఒక పుట్ట దగ్గర, ఆ తర్వాత ఏమీ లేని ఒక ఖాళీ చోట కూడా సరిగ్గా అట్లాగే నిలబడ్డాడు. అన్నిటికీ ఫోటోలు తీశాను. ఫోను నిండా ఒకేలాంటి చెట్లూ ఒకేలాంటి మట్టీ. ఏది వాగు దగ్గరిదో, ఏది వెదుళ్ళ దగ్గరిదో అప్పటికే నాకు కలగాపులగం అయిపోయింది. కెమెరా వాళ్ళలో ఒకాయన నా పక్కకు వచ్చి, "ఏమైనా అరుదైన పక్షి కనపడిందా మేడం?" అని గుసగుసగా అడిగాడు. లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

చివరికి ఒక చదునైన చోటికి వచ్చాం. అక్కడ పెద్ద పెద్ద బండరాళ్ళు గుండ్రంగా, సగం భూమిలోకి దిగి ఉన్నాయి. మధ్యలో గడ్డి మొలిచిన ఖాళీ జాగా. గైడు అందర్నీ చుట్టూ నిలబెట్టింది. ఇవి వేల ఏళ్ళ కిందటి మనుషుల సమాధులని చెప్పింది. చనిపోయినవాళ్ళను పూడ్చి చుట్టూ ఇలా రాళ్ళు నిలిపేవాళ్ళట. ఊళ్ళల్లో వీటిని రాకాసి గుళ్ళు అంటారట. ఇలాంటివి నేనూ క్లాసులో చెబుతాను కాబట్టి టీచరమ్మలాగా తల ఊపుతూ వింటున్నాను. "కొన్నిచోట్ల చిన్నపిల్లల ఎముకలు కూడా దొరికాయి" అంది ఆ అమ్మాయి.

నాయన ఒక్కసారిగా ముందుకు వచ్చాడు.

"ఎవురు చెప్పినారమ్మా నీకు? ఇది మా గొర్రెపిల్లల దొడ్డి. తల్లులు మేతకు పోయినంకా పిల్లల్ని దీన్లేకే తోలి, సందుల్లో ముండ్లకంప పెట్టేటోల్లం. ఈ రాల్లు మా తాత నిలిపినాడు."

గైడు బిత్తరపోయింది. పాపం, ఆమె చదివిన పుస్తకంలో నాయన తాత లేడు. "రాళ్ళు అప్పటివే తాతా, మీవాళ్ళు తర్వాత దొడ్డిగా వాడుకుని ఉంటారేమో" అని మెల్లగా అంది. అది సబబుగానే తోచింది నాకు. నాయన "వాడుకునేదేంది, కట్టినాడంటే!" అన్నాడు. కాసేపటికి, "మా తాతో, మా తాతకు తాతో" అన్నాడు. ఇంకాసేపటికి, "యాడోనమ్మా, ఇది ఆ దొడ్డి కాదేమో, అది ఇంగా పైనేమో" అన్నాడు. ఒంగోలు కుటుంబం ఆయన్నీ గైడునీ మార్చి మార్చి చూసింది. సోషల్ టీచరునైన నేను ఎవరి పక్షమో నాకే అర్థం కాలేదు.

కానీ అమ్మకు మాత్రం ఒక సంగతి అర్థమైపోయింది. అర్థమైందని అనుకుంది. పిల్లల ఎముకలు అన్న మాట దగ్గరే ఆయనకు కోపం వచ్చింది కదా! మిగతావాళ్ళు నీళ్ళు తాగడానికి నీడకు పోయాక, అమ్మ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళ తర్వాత, అడగకూడని మాట అడిగేసింది.

"ఈడేనా?"

నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నిన్నే అడిగేది. ఈడేనా బిడ్డ? ఇంగ నాకు పుట్టేటోల్లు లేరు, అరిష్టం తగిలేదానికి. చెప్పు."

నాయన ఒక బండ మీద కూర్చున్నాడు. తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు తెలీదు" అన్నాడు.

"మర్సిపోయినావా?"

"మర్సిపోయేదానికి ఎప్పుడు తెలుసు నాకు?"

అప్పుడు చెప్పాడు. పూడ్చినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. పోయిన దారిన తిరిగి రాకూడదు. గుర్తు పెట్టకూడదు. పెద్దవాళ్ళు చెప్పిన మాట అది. చిన్నాయన ముందు నడుస్తుంటే, నాయన బిడ్డను ఎత్తుకుని నేల చూసుకుంటూ వెనక నడిచాడు. పూడ్చిపెట్టి, ముళ్ళకంప కప్పి, వేరే దిక్కున పడి వచ్చేశారు. "కండ్లు కనపడితే గదా దోవ కనపడేదానికి. యాడబడి యాడ తేలినామో, వాగు ఎన్ని తూర్లు దాటినామో ఏమీ ఎరగను. మర్రోజు మంద లేపుకోని దిగిపోతిమి గదా" అన్నాడు.

"మరి ఇన్నేండ్లు తెలిసినోని మాదిరి ఉంటివే!" అమ్మ గొంతు పెరిగింది. "ప్రతి ఎండాకాలం ఈడికే వస్తివి గదా నువ్వు!"

"వచ్చి ఎతికేటోన్ని. మందను ఈ పక్కకే మలుపుకోనొచ్చి ఎతికేటోన్ని. ఎనక్కి చూడగూడదంటే చూడకపోతిని, తర్వాత చూస్తే యాడ చూసినా అట్లే ఉండె. ఇంగ అడివిలేకి రావొద్దన్నారు."

నాకు అప్పుడు తెలిసింది. మద్దిచెట్టు దగ్గరా, పుట్ట దగ్గరా, ఆ చీలిన దారి దగ్గరా ఆయన ఆగింది గుర్తుపట్టి కాదు. మేం ఆయన ముఖంలో వెతుకుతుంటే, ఆయన అడవిలో వెతుకుతున్నాడు.

"తెలీదని ఒక మాట చెప్పి ఉంటే ఏం పోయేది నీకు?" అంది అమ్మ.

"నువ్వు అడగలా, నేను చెప్పలా." నాయన తలగుడ్డను మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. "మనిద్దర్లో ఒకరికన్నా తెలుసని నువ్వనుకుంటా ఉంటే, బిడ్డ ఒంటిగా లేదన్నట్లు ఉండేది నాకు."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. చుట్టూ చూసింది, ఎంతసేపో చూసింది. తర్వాత వంగి దారి పక్కన వెతికి, గుప్పిట్లో పట్టే చిన్న రాయి ఒకటి తీసుకుని, చీరచెంగుతో మట్టి తుడిచి, ఆ గుండ్రటి బండల మధ్యలో గడ్డి మీద పెట్టింది.

గైడు అమ్మాయి చూసి పరుగున వచ్చింది. "అవ్వా, రాళ్ళు కదిలించగూడదు. చెప్పినా గదా."

"నేను కదిలిచ్చలా, పెట్టినా" అంది అమ్మ.

"ఎందుకు పెట్టినారు?"

"ఎవురో ఒకరి బిడ్డ ఉండాదని నువ్వే చెప్తివి గదమ్మా" అంది అమ్మ. ఆ అమ్మాయి ఆ రాయిని అక్కడే ఉండనిచ్చింది.

తిరుగు దారిలో అమ్మ ముందు, నాయన వెనక నడిచారు. గిద్దలూరు బస్టాండులో నాయన టీ తెచ్చి ఇస్తే అమ్మ తీసుకుంది కానీ ఆయన వైపు చూడలేదు. నేను మధ్యలో కూర్చున్నాను. నాకు నాయన మీద జాలి కలిగింది, అమ్మ మీద జాలి కలిగింది, ఆ ఆచారం పెట్టినవాళ్ళ మీద ఒళ్ళు మండింది. ఇంతకీ ఈ పొద్దు మంచి జరిగిందా, చెడు జరిగిందా? కొత్తది తెలిసిందా, ఉన్నది పోయిందా? ఎంత ఆలోచించినా తేలలేదు. బస్సు ఎక్కబోతూ అమ్మ నా వైపు తిరిగి, "ఈ నడక ప్రతి ఆదివారం ఉంటాదా?" అని అడిగింది.

ఉంది. అమ్మ మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత కూడా వెళ్ళింది. నేను రాలేని వారాల్లో నాయనే తోడు వెళ్ళాడు. టికెట్టు దగ్గర గొణుగుడు ఆపలేదట కానీ కొనకుండా మాత్రం ఉండలేదట. ప్రతిసారీ అమ్మ ఒక చిన్న రాయి వెతికి తుడిచి ఆ బండల మధ్యలో పెట్టేదట. గైడు అమ్మాయి మొదట్లో మొహం చిట్లించినా, తర్వాత తనే అమ్మను చెయ్యి పట్టుకుని వాగు దాటించేదట. ఇవన్నీ నాయన ఫోనులో చెప్పిన కబుర్లు. అమ్మ చెప్పదు.

తర్వాత వానలు వచ్చాయి, అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి, వెళ్ళడం ఆగిపోయింది. చలికాలంలో మా హెడ్మాస్టరు తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆ నడకకు తీసుకుపొమ్మన్నాడు. నేను సోషల్ టీచరును కదా! ఈసారి గైడు వేరే. మంచి మాటకారి అబ్బాయి. వాగు, మద్దిచెట్టు, వెదుళ్ళు అన్నీ దాటించి, ఆ గుండ్రటి బండల దగ్గర మమ్మల్ని ఆపాడు.

నేను చూసి అక్కడే నిలబడిపోయాను. మధ్యలో గడ్డి కనపడటం లేదు. చిన్నవీ పెద్దవీ రాళ్ళు మోకాలెత్తు కుప్పగా ఉన్నాయి. అన్ని అమ్మ పెట్టలేదు, పెట్టే అవకాశమే లేదు.

ఆ అబ్బాయి సమాధుల గురించి చెప్పాడు, గొర్రెపిల్లల దొడ్డి గురించి కూడా ఒక ముక్క చెప్పాడు. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, "ఈ ప్రాంతం తల్లులు చనిపోయిన పసిబిడ్డల కోసం ఇక్కడ ఒక రాయి పెట్టడం పూర్వకాలం నుంచి వస్తున్న ఆచారం. మీరు కూడా కావాలంటే పెట్టొచ్చు" అన్నాడు.

పూర్వకాలం! నా నోటి దాకా వచ్చింది. పిల్లలకు తప్పు చరిత్ర చెబుతుంటే దిద్దడం నా ఉద్యోగం. మా ఆచారం తల్లిని అసలు రానివ్వదు బాబూ, ఇది మొదలుపెట్టింది మా అమ్మ, అదీ మొన్ననే అని చెప్పాలి. కానీ అబద్ధం ఎక్కడుంది అందులో అని చూస్తే, ఏ మాటను కొట్టెయ్యాలో దొరకలేదు. మా అమ్మ ఈ ప్రాంతం తల్లి కాదా? ఆ బిడ్డ చనిపోలేదా? మిగతా రాళ్ళు పెట్టిన వాళ్ళు ఎవరో, ఎవరి కోసం పెట్టారో నాకేం తెలుసు? ఈలోగా పిల్లలంతా రాళ్ళ కోసం పరుగెత్తారు. నాదే పెద్దదంటే నాదే పెద్దదని పోటీలు పడి, ఇద్దరిద్దరు మోసుకొచ్చి మరీ పెట్టారు. అందరి తర్వాత నేనూ ఒకటి పెట్టాను. అక్కకు నేను చేసిన పని ఇన్నేళ్ళలో అదొక్కటే.

ఆ సాయంత్రం అమ్మకు ఫోను చేసి అంతా చెప్పాను. కుప్ప ఎంత ఎత్తు ఉందో, గైడు ఏం చెప్పాడో, పిల్లలు ఎట్లా పోటీ పడ్డారో. సంతోషిస్తుందో, కోప్పడుతుందో తెలియక నేనే మాట్లాడుతూ పోయాను. నాయన మేకల్ని అదిలిస్తున్న గొంతు దూరంగా వినపడింది.

"ఏందమ్మా, పలకవే?" అన్నాను.

"పెద్ద రాల్లు పెట్టినారా?" అంది అమ్మ.

"ఆఁ, పిల్లలు గదా. చేతనైనంత పెద్దవి మోసుకొచ్చి పెట్టినారు."



"ఆ గైడుకు చెప్పు అమ్మీ. చిన్నవే పెట్టమను. పసిబిడ్డ, అంత బరువు యాడ మోస్తాది" అంది.